తాళంచెవి ఇచ్చినంత మాత్రాన ఆతిథ్యం అయిపోదు

రామప్ప గుడికి 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. అప్పటి నుంచి వరంగల్ దారుల్లో కొత్త ముఖాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిని, హన్మకొండలో 1163 నాటి వేయిస్తంభాల గుడిని, కోటలోని తోరణాలను చూడవచ్చేవారు ఇదివరకు పొద్దున రైలు దిగి రాత్రికి తిరుగు రైలెక్కేవారు. ఇప్పుడు కొందరు రెండు రోజులు నిదానంగా ఉందామనుకుంటున్నారు. అదీ లాడ్జీలో కాదు, పెంకుటింట్లో ఉండాలట. దాంతో పల్లెల్లో మూతపడివున్న తాతల కాలం నాటి ఇళ్లను బాగుచేయించి అతిథులకు ఇవ్వాలన్న ఆలోచన మన విశ్వాసుల్లో కూడా కొందరికి కలిగింది. మమ్మల్ని కలిసి ప్రార్థన చేయమన్నారు. చేశాం. అయితే ప్రార్థనతో పాటు నాలుగు మాటలు కూడా చెప్పవలసిన అవసరం ఉందనిపించి ఇది రాస్తున్నాం.

మొదట ఆ ఇళ్ల సంగతి. మన ప్రాంతంలో పాత ఇంటిని భవంతి అంటారు. నడుమ ఆకాశం కనిపించే ఖాళీ జాగా, చుట్టూ టేకు స్తంభాల వసారా, వసారా వెనుక అర్రలు, ముందు చెక్కడపు దర్వాజ, పైన గూన పెంకు. గోడలు మట్టివో, డంగుసున్నంతో కట్టినవో అయివుంటాయి. గుండ్రంగా తవ్విన కాలువలో ఇసుక, సున్నం పోసి, ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి ఆ సున్నాన్ని సిద్ధం చేసేవారు. ఇలాంటి ఇంటిని బాగుచేసేటప్పుడు తొందరపడి సిమెంటు పూయిస్తే కొద్ది కాలానికే పెచ్చులూడిపోతుందని అనుభవం గల మేస్త్రీలు చెబుతారు. పాత గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతూ ఉంటుంది, సిమెంటు ఆ దారిని మూసేస్తుంది. అందుకని సున్నపు గోడకు సున్నమే పూయాలి. కొత్త బట్టకు, పాత బట్టకు పొత్తు కుదరదని ప్రభువు చెప్పిన ఉపమానం (మార్కు 2:21) ఆయన వడ్రంగి ఇంట పెరిగినందువల్లనే అంత సహజంగా వచ్చిందేమో అని మాకు ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇలాంటి ఇంట్లో యజమాని వండిపెట్టడు. పొయ్యి, గిన్నెలు, నీళ్లు, మంచాలు అన్నీ అప్పగించి, తాళంచెవి చేతిలో పెట్టి తన దారిన తాను వెళ్తాడు. వచ్చినవారు తామే వండుకుని తింటారు. పాశ్చాత్య దేశాల వారికి ఇది సెలవులు గడిపే పద్ధతి. మన దగ్గర ఈ పద్ధతి వారికంటే పాతది. మన భాషలో దానికొక పేరు కూడా ఉంది, స్వయంపాకం.

ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. స్వయంపాకం అంటే తన వంట తాను చేసుకోవడం. ఇంకొకరి చేతి వంట తినని వ్యక్తికి బియ్యం, పప్పు, నెయ్యి, కూరలు ఇచ్చి సాగనంపడాన్ని కూడా స్వయంపాకం ఇవ్వడమనే అంటారు. మన సత్రాలు గొప్ప ధర్మకార్యాలు, సందేహం లేదు. బాటసారికి నీడ, నీళ్లు, అన్నం ఇచ్చిన దాతల రుణం ఈ దేశం తీర్చుకోలేనిది. కానీ చాలా సత్రాల్లో ఎవరికి అన్నం పెట్టాలి, ఎవరికి బియ్యం ఇవ్వాలి, ఎవరిని వసారా దాకా రానివ్వాలి, ఎవరిని అసలు రానివ్వకూడదు అన్న లెక్క కూడా ఉండేది. ఇంగ్లీషు కుటుంబం పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకుని సొంతంగా వండుకుంటే అది డబ్బు ఆదా కోసమో, స్వేచ్ఛ కోసమో. మన దేశంలో అతిథి తన వంట తానే చేసుకోవడం వెనుక ‘నీ చేతిది నేను తినను’ అనే అర్థం శతాబ్దాలుగా దాగివుంది. ఆ చరిత్ర తెలియకుండా ఆ పద్ధతిని విదేశీ ఫ్యాషన్‌గా తెచ్చుకుంటే, పాత దోషం కొత్త రంగు వేసుకుని మన ఇంట్లోకే వస్తుంది.

ఇక లేఖనాల్లోకి వద్దాం. క్రిస్మస్ వచ్చినప్పుడల్లా మనం ‘సత్రంలో చోటు లేదు’ అని ప్రసంగిస్తాం. ఆ సత్రం యజమానిని నాటకాల్లో కఠినాత్ముడిగా చూపిస్తాం, పిల్లవాడికి పెద్ద మీసాలు అంటించి మరీ. నిజానికి లూకా సువార్తలో అక్కడ సత్రం యజమాని అనే మనిషే లేడు. లూకా 2:7లో సత్రమని మన బైబిల్లో ఉన్న చోట గ్రీకులో ఉన్న మాట ‘కటలూమ’. అదే మాట లూకా 22:11లో మళ్లీ వస్తుంది, అక్కడ మన అనువాదకులు ‘విడిది గది’ అన్నారు. ప్రభువు చివరి రాత్రి శిష్యులతో భోంచేసిన గది అది. పుట్టినప్పుడు దొరకని విడిది గది, మరణానికి ముందు రాత్రి ఎవరో పేరు తెలియని యెరూషలేము ఇంటివాడు ఇచ్చాడు. డబ్బు తీసుకుని బస ఇచ్చే చోటుకు లూకా వాడిన మాట వేరు. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి తీసుకెళ్లిన చోటు గ్రీకులో ‘పండోకెయోన్’. అందరినీ చేర్చుకునేది అని ఆ మాటకు అర్థం. మన తెలుగు బైబిలు దాన్ని పూటకూళ్ల ఇల్లు అని చక్కగా అనువదించింది (లూకా 10:34). ఆ పూటకూళ్లవాడు దెబ్బలు తిన్నవాడి ఊరు, తెగ, ఇంటిపేరు అడిగినట్టు ఎక్కడా లేదు.

కొత్త నిబంధనలో ఆతిథ్యమని మనం చదివే చోట గ్రీకు మాట ‘ఫిలోక్సెనియ’. అంటే పరదేశిని ప్రేమించడం (రోమా 12:13, హెబ్రీ 13:2). బంధువులకు, పరిచయస్తులకు కోడిని కోసి పెట్టడం మర్యాదే, మంచిదే. కానీ ఆ మాట పరిధిలోకి అది రాదు. ఎవరో తెలియనివాడు, తిరిగి మన ఋణం తీర్చలేనివాడు, మన కులపువాడు కానివాడు గడప ముందు నిలబడినప్పుడే ఆ మాటకు పని పడుతుంది.

గడప అన్నాం కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మాకు తెలిసిన ఒక కుటుంబం ములుగు రోడ్డుకు దూరంగా ఉన్న ఒక పల్లెలో పాత భవంతి కొన్నది. పేర్లు చెప్పము. ఆ ఇల్లాలు పంతులమ్మగా చేసి రిటైరయింది. వాళ్ల నాయనమ్మ ఒకప్పుడు ఆ ఇంటి పశువుల కొట్టంలోనే పేడ తీసింది. దప్పికైతే వాకిట్లో నిలబడి దోసిలి పట్టాలి, ఎత్తు నుంచి నీళ్లు పోసేవారు. గడపకు లోపల ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఆ ముసలమ్మకు చనిపోయేదాకా తెలియదు. మనవరాలు ఆ ఇల్లు కొన్నది, దూలాలు మార్పించింది, సున్నం కొట్టించింది, నేలకు షాబాదు బండలు సరిచేయించింది. పాత రోలు, విసుర్రాయి కడిగించి వంటింట్లో పెట్టించింది. పిల్లలు విదేశాల్లో ఉన్నారు, ఇల్లు ఊరికే ఎందుకు పడివుండాలని అతిథులకు ఇవ్వడం మొదలుపెట్టింది.

మూడో నెలలో ఒక పట్నం కుటుంబం దిగింది. ఇల్లు చూసి మురిసిపోయారు. స్తంభాల దగ్గర ఫొటోలు తీసుకున్నారు. ఆమె చాయ్ పెట్టి, సకినాలు పళ్లెంలో సర్ది తెచ్చింది. మాటల్లో ఇంటిపేరు అడిగారు. చెప్పింది. ఆ ఇంటిపేరుతో తేలకపోయేసరికి ‘మీరేమిటోళ్లు?’ అని నేరుగానే అడిగారు. దాచవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు, చెప్పింది. చాయ్ చల్లారిపోయింది. వాళ్లు బజారుకెళ్లి రెండు కొత్త గిన్నెలు కొనుక్కొచ్చుకున్నారు, సీసా నీళ్లు తెప్పించుకున్నారు. ఆమె గిన్నె ఒక్కటీ ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఎంతో మర్యాదగా మాట్లాడి, ఇల్లు చాలా బాగుందని పొగిడి, డబ్బు పూర్తిగా ఇచ్చి వెళ్లారు.

ఆమె మా దగ్గరికి వచ్చినప్పుడు ఏడవలేదు. సూటిగా ఒక ప్రశ్న అడిగింది. ‘అయ్యగారూ, ఇప్పుడు అందరూ గేటుకు అంకెల తాళమున్న డబ్బా పెడుతున్నారట. అందులో తాళంచెవి వేసి ఫోనులో నంబరు చెబితే చాలు, ఇంటివాళ్లు కనిపించనక్కర్లేదు. నేనూ అట్ల చెయ్యనా?’

చేయవద్దమ్మా అన్నాం. ఇది మా అభిప్రాయం, ఎవరైనా కాదనవచ్చు. దూరాన ఉండేవారికి, వయసు మళ్లినవారికి ఆ డబ్బా సౌకర్యమే, తప్పులేదు. కానీ తన ముఖం కనిపిస్తే అతిథి పోతాడేమోనన్న భయంతో పెట్టుకునే డబ్బా వేరు. నాయనమ్మను గడప బయట నిలబెట్టిన కట్టుబాటు, మనవరాలిని తన సొంత ఇంటి నుంచే మాయం చేస్తుంది. ఆ కుటుంబానికి ఆమె చాయ్ తాగకపోయే స్వేచ్ఛ ఉంది. తాగించే అధికారం మనకు లేదు. అయితే ఆ చాయ్ తేవడం ఆమె మానకూడదు.

ఎందుకంటే మన ప్రభువు ఇలాంటి చోట అతిథిగా నిలబడ్డాడు. సమరయలో యాకోబు బావి దగ్గర ఆయన అలసిపోయి కూర్చున్నాడు, చేదడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నీళ్లకొచ్చిన స్త్రీని తాగడానికి నీళ్లు అడిగాడు. ఆమె ఆశ్చర్యపోయింది (యోహాను 4:9). యూదులకు, సమరయులకు సాంగత్యం లేదని మన బైబిల్లో ఉన్న చోట గ్రీకు క్రియాపదానికి ‘కలిసి వాడుకోవడం’ అనే అర్థం కూడా ఉంది. ఒకరి పాత్ర మరొకరు వాడరని అక్కడ యోహాను చెబుతున్నాడని కొందరు పండితుల అభిప్రాయం. ఈ అర్థం పాశ్చాత్య పండితులకు నిఘంటువులు తిరగేస్తే గాని తట్టలేదు. మన పల్లెలో చదువురాని అమ్మ అయినా ఆ వాక్యం వినగానే అర్థం చేసుకుంటుంది. రెండు గ్లాసుల హోటల్ చూసినవారికి వ్యాఖ్యానం అవసరం లేదు. యేసు ఆమెను నీళ్లడిగాడంటే ఆమె కుండలోని నీళ్లు తాగడానికి సిద్ధపడ్డాడన్నమాట. తర్వాత ఆ ఊరివాళ్లు రమ్మంటే వెళ్లి రెండు రోజులు ఉన్నాడు (యోహాను 4:40). ఆ రెండు రోజులు ఎవరి గిన్నెల్లో తిన్నాడు? సమరయుల గిన్నెల్లోనే కదా. తాను పంపిన డెబ్బదిమందికి కూడా, ఏ ఇంట్లో దిగితే ఆ ఇంట్లో, వాళ్లు పెట్టింది తినమని చెప్పి పంపాడు (లూకా 10:7, 8).

ఈ మాటలు బయటివాళ్ల కోసమే రాస్తున్నామని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ‘మీరు ఏ పల్లె చర్చి?’ అని మనవాళ్లే అడిగినప్పుడు దాని అర్థమేమిటో వరంగల్‌లో తెలియనివారు లేరు. పెళ్లి సంబంధాల దగ్గర బాప్తిస్మం గుర్తుండదు, కులం గుర్తుంటుంది. ఇల్లు అద్దెకు అడగబోయి క్రైస్తవులమని, మాంసం తింటామని తిరస్కరించబడిన కుటుంబాలు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. వాళ్లలోనే కొందరు రేపు సొంతిల్లు కట్టుకుని పైభాగం అద్దెకిచ్చేటప్పుడు అదే ప్రశ్న ఇంకొకరిని అడుగుతారు. బాధ పడినంత మాత్రాన బుద్ధి వస్తుందన్న నమ్మకం మాకు లేదు. వస్తే ఇశ్రాయేలీయులకు, మీరు ఐగుప్తులో పరదేశులుగా ఉన్నారు సుమా అని ధర్మశాస్త్రం అన్నిసార్లు గుర్తుచేయవలసి వచ్చేది కాదు.

1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటి వరంగల్ ప్రాంతంలోని డోర్నకల్‌లో పనిచేస్తున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆ సభలో మాట్లాడాడు. ఆయన తిరునెల్వేలి తమిళుడు, తెలుగు నేర్చుకుని మన మధ్యకు మిషనరీగా వచ్చినవాడు. వయసు 35. విదేశీ మిషనరీలకు, భారతీయ సేవకులకు మధ్య నిజమైన స్నేహం లేదని ఆయన అంత పెద్ద సభలో ముఖాముఖిగా చెప్పాడు. కుర్చీ వేయడం, చేయి కలపడం, భోజనానికి పిలవడం ఇవే స్నేహం కావు గాని, స్నేహం ఉన్నచోట ఇవి కనిపించకుండా ఉండవన్నది ఆయన వాదన. మీ త్యాగాలు భావితరాలు మరువవు, అయితే మాకు కావలసింది స్నేహితులు అని ముగించాడు. సభలో కొందరికి కోపం వచ్చింది. రెండేళ్ల తర్వాత, 1912 డిసెంబరు 29న, ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందాడు.

అజరయ్య అడిగినది గదుల గురించి కాదు. మిషన్ బంగ్లాలు విశాలంగానే ఉండేవి, సేవకుల క్వార్టర్లకు కూడా కొదవ లేదు. బల్ల దగ్గర చోటు గురించి అడిగాడు. ఆయన తర్వాత డోర్నకల్‌లో కట్టించిన, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కథీడ్రల్ చూసినవారికి ఇంకో సంగతి కనిపిస్తుంది. అందులో మసీదుల గుమ్మటాలు, మినార్ల పోకడ ఉంది, గుడి మండపాల స్తంభాల పోకడ ఉంది. ఈ నేల మీది కట్టుబడిని ఆయన ప్రేమతో తీసుకున్నాడు. ఈ నేల మీది అంటును మాత్రం లోపలికి రానివ్వలేదు. ఆ డయాసిస్‌లో చేరినవారిలో అత్యధికులు ఊరి బయట బతికినవారే. పాత ఇళ్లు బాగుచేస్తున్న మనవాళ్లు ఒకసారి డోర్నకల్ వెళ్లి చూసిరావడం మంచిది. సంప్రదాయమంటూ దేన్ని నిలబెట్టాలి, దేన్ని పునాదిలోనే వదిలేయాలి అన్న ప్రశ్న వాళ్లకూ ఉంది కదా.

పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరం కూడా ఈ సందర్భంలో మాకు గుర్తొస్తుంది. చివర 22వ వచనంలో తనకు బస సిద్ధం చేయమంటాడు. అయిదు వచనాల ముందు, పారిపోయిన దాసుడు ఒనేసిమును, తనను చేర్చుకున్నట్టే చేర్చుకోమంటాడు. అంటే పౌలు వచ్చి ఆ గదిలో దిగేనాటికి ఒనేసిము ఆ ఇంట్లో ఏ చోట కూర్చుంటున్నాడో చూస్తాడన్నమాట. గది సిద్ధం చేయమన్న మాట మర్యాదకు అన్నది మాత్రమే కాదని మా నమ్మకం.

డబ్బు తీసుకుంటే ఆతిథ్యం ఎలా అవుతుందని ఒక సోదరుడు అడిగాడు. తీసుకోవచ్చు. సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారములు ఇచ్చాడు. ఒక దేనారము అంటే కూలివాడి రోజు కూలి (మత్తయి 20:2). ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు, ఆ మాట మీద అతను రోగిని ఉంచుకున్నాడు. ప్రభువు ఆ పూటకూళ్లవాణ్ణి ఒక్క మాట అనలేదు. ఇల్లు నిలబడాలంటే పెంకు మార్చాలి, చెదలు చూడాలి, ఊడ్చే మనిషికి సరైన కూలి ఇవ్వాలి. ఆదిమ సంఘపు పుస్తకం ‘డిడాకె’ అయితే ఆతిథ్యాన్ని వాడుకునేవాళ్ల మీద కూడా కన్నేసి ఉంచింది. దారినపోయే అపొస్తలుడు ఒకటి రెండు రోజులు ఉండవచ్చు, మూడో రోజు కూడా తిష్ఠ వేస్తే అబద్ధ ప్రవక్త అని తేల్చింది, డబ్బడిగినా అంతే. ఈ నియమం ఇప్పటి కొందరు స్పెషల్ స్పీకర్లకు వర్తింపజేస్తే ఏమవుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు. అయితే ధర ఒక్కటే ఉండాలి. మొహం చూసి పెంచడం, ఇంటిపేరు విని ‘ఆ తేదీల్లో ఖాళీ లేదండీ’ అనడం అబద్ధం ఆడటమే.

అది అబద్ధం ఆడటం మాత్రమే కాదు, చట్టం దృష్టిలో నేరం కూడా. మన రాజ్యాంగం 15వ అధికరణం మతం, కులం, పుట్టిన చోటు పేరుతో హోటళ్ల వంటి చోట్లకు ఎవరినీ రాకుండా చేయకూడదంటుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం హోటళ్లు, ధర్మశాలలు, సరాయిలు, ముసాఫిర్‌ఖానాల్లో అందరి కోసం ఉంచిన గిన్నెలను వాడుకోనివ్వకపోవడాన్ని కూడా శిక్షార్హం చేసింది. గిన్నెల దాకా రాశారంటే ఆ చట్టం రాసినవారికి మన దేశం ఎంత బాగా తెలుసో చూడండి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయాలి. ఇది ప్రార్థనతో సరిపెట్టుకునే విషయం కాదు.

వంటగదిలో ఏం వండాలో చెప్పవచ్చా? తాగి గొడవ చేయకూడదని, పొగ తాగకూడదని నియమం పెట్టుకోవచ్చు. అది నడవడికకు సంబంధించింది. కానీ మనిషి తినే తిండిని బట్టి అతని పుట్టుక వాసన పట్టే పని మనది కాదు. శాకాహారులు వస్తే వారి కోసం వేరే గిన్నెలు ఒక అరలో ఉంచడం మంచిది. అది వారి మనస్సాక్షికి మనం ఇచ్చే గౌరవం, రోమా 14వ అధ్యాయం అడిగేది అదే. అతిథి ‘మీరు ముట్టారా?’ అని అడిగితే మాత్రం, ముట్టాం, తోమింది మేమే అని నవ్వుతూ చెప్పాలి.

ఆ ఇంట్లో ఏమేమి ఉండాలో తెలుసుకోవాలంటే షూనేమీయురాలి దగ్గరికి వెళ్లాలి (2 రాజులు 4). ఆమె ఘనురాలు, డబ్బున్న మనిషి. ఎలీషా తరచుగా ఆ దారిన పోవడం చూసి, భర్తతో చెప్పి మేడ మీద చిన్న గది కట్టించింది. అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం పెట్టించింది. అంతే. కానీ ఆ నాలుగింటిని చూడండి. పడుకోవడానికి ఒకటి, తినడానికీ రాసుకోవడానికీ ఒకటి, కూర్చోవడానికి ఒకటి, రాత్రి చదువుకోవడానికి ఒకటి. ప్రవక్త ఏం చేస్తాడో ఆలోచించి పెట్టినవి అవి. మన ఇళ్లలో పెళ్లికి వచ్చిన షోకేసు బొమ్మలన్నీ అతిథి గదిలోకి చేరతాయి, మంచం పక్కన మాత్రం దీపం ఉండదు. ఇంకో సంగతి ఏమిటంటే, ఆమె ఆ గది కట్టకముందే ఎలీషాను బలవంతపెట్టి భోజనం చేయించింది. ముందు బల్ల, తర్వాత గది. సొంతంగా వండుకునే ఇంటికి కూడా ఈ వరుస పనికొస్తుంది. మొదటి పూట మన చేతి అన్నం పెట్టి, ఆ తర్వాత వంటగది అప్పగించడం మన ప్రాంతపు అలవాటుకూ సరిపోతుంది. ఒక గిన్నె పప్పు, ఇన్ని అన్నం, ఓ సర్వపిండి. దానికి ధర కట్టకూడదు. అతిథి తినకపోతే గిన్నె తిరిగి తెచ్చుకోవచ్చు.

కరపత్రాల సంగతి అడిగారు. బల్ల మీద ఒక బైబిలు ఉంచండి, తప్పులేదు. లాడ్జీల్లో గిడియన్లు ఉంచినట్టే. తలగడ కింద, బియ్యం డబ్బాలో, స్నానాల గదిలో కరపత్రాలు దాచకండి. అలసిపోయి వచ్చిన మనిషి మన ఇంట్లో ఉన్నాడు, ఎటూ పోలేడు. అతన్ని కూర్చోబెట్టి గంటసేపు బోధిస్తే అది వలే గాని విందు కాదు. అబ్రాహాము మమ్రే దగ్గర ముగ్గురికి వడ్డించి, వాళ్లు తింటుంటే చెట్టు కింద నిలబడ్డాడు (ఆది 18:8). మాట్లాడింది అతిథులు. అడిగితే చెప్పండి. రామప్పకు దారి అడిగితే దారి కూడా సరిగ్గా చెప్పండి, గుడికి వెళ్తున్నారని ముఖం మాడ్చుకోకండి.

ఇప్పటిదాకా సెలవులకు వచ్చేవారి గురించి మాట్లాడాం. మాకు ఇంకొకరు కనిపిస్తున్నారు. వరంగల్‌లోని పెద్దాసుపత్రులకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రోగులతో పాటు వచ్చే మనుషులు. రోగికి మంచం దొరుకుతుంది. వెంట వచ్చిన తల్లి, చెల్లెలు చెట్టు కింద, బస్టాండులో పడుకుంటారు. హోటల్లో తినే స్థోమత ఉండదు, ఉన్నా పత్యం వండాలి. గంజి కాచుకోవడానికి ఓ పొయ్యి, నాలుగు గిన్నెలు, తలుపుకు గడియ ఉన్న గది దొరికితే వాళ్లకు అదే పెద్ద మేడ. సొంతంగా వండుకునే వసతి నిజంగా ఎవరికి కావాలో వీళ్లను చూస్తే తెలుస్తుంది.

మన సంఘాల్లో ఆవరణకు కొదవ లేదు. చాలా చోట్ల మిషన్ కాలం నాటి గదులు తాళాలు వేసి ఉన్నాయి, విరిగిన బెంచీలు, పాత క్రిస్మస్ నక్షత్రాలు దాచడానికి పనికొస్తున్నాయి. పెంకు జారి, సున్నం రాలి ఉన్నా గోడలు ఇంకా గట్టివే. సంఘాధ్యక్షుడు అతిథి ప్రియుడై ఉండాలని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 3:2). ఆ అర్హత గురించి మాత్రం మన ఎన్నికల్లో ఎవరూ అడగరు. యోహాను మూడో పత్రికలో గాయు పరదేశులైన సహోదరులను చేర్చుకున్నాడు. దియొత్రెఫే తాను చేర్చుకోలేదు, చేర్చుకుందామనుకున్న వారిని కూడా ఆటంకపరచి సంఘంలోంచి వెలివేశాడు. కమిటీలున్న ప్రతిచోటా ఈ ఇద్దరూ ఉంటారు.

మా ఆవరణలో రెండు గదులు, ఒక పాత వంటశాల అలాగే ఉన్నాయి. వచ్చే నెల కమిటీ ముందుకు ఆ సంగతి వస్తున్నది. ఎవరెవరో వచ్చి ఉంటారు, గోడలు పాడవుతాయి, గిన్నెలు పోతాయి అన్న అభ్యంతరాలు ఇప్పటికే మా చెవిన పడ్డాయి. గిన్నెలు పోతాయి, నిజమే. ఆ భవంతి పంతులమ్మ డజను గిన్నెలు ఇస్తానని కబురు పంపింది. వాటిలో ఒక్కసారి కూడా పొయ్యెక్కని రెండు కొత్తవి కూడా ఉన్నాయట, వాళ్లు వదిలేసి వెళ్లినవి. కావలసిందల్లా వంటశాల మీదికి ఓ మూడు వందల గూన పెంకులు, వానాకాలం లోపల.